పేరు చెక్కిన కంప్యూటర్లు

మా బావగారు పోయారు. పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున్న, కాఫీ తాగిన గ్లాసు కింద పెడుతూ అలాగే పక్కకి ఒరిగిపోయారట. మా అక్క ఫోన్ చేసి ఆ ఒక్క ముక్కా చెప్పి పెట్టేసింది. నేను ధవళేశ్వరంలో ఆఫీసుకి సెలవు చెప్పి, బస్సెక్కి, భీమవరంలో దిగి ఆటో పిలిచాను. వీధి పేరు చెప్పగానే ఆటో అతను నా మొహంలోకి చూసి, "కంప్యూటర్ గారింటికాండీ? పోయారంట కదండీ, పాపం," అన్నాడు. పాపం అన్నాడే గానీ, పెదవి చివర నవ్వు మాత్రం దాచుకోలేకపోయాడు.

ఈ నాలుగు మాటలూ ఆ నవ్వు చూసే రాస్తున్నాను. పోయినవాళ్ల గురించి మెత్తగా రాయాలని నాకూ తెలుసు. కానీ మెత్తని మనిషి ఆయన, నేను కాదు. మా అక్క పెళ్లినాడే ఆయన నాకేసి చూసి, "ఈ అమ్మాయి నోట్లో నాలుకుందా, కత్తిపీటుందా?" అని అడిగారు. "రెండూ ఉన్నాయండి, మీకేది కావాలి?" అన్నాను. అప్పట్నుంచీ మా ఇద్దరికీ బాగా కుదిరింది.

ఆయనది స్టీలు సామాన్ల కొట్టు. బిందెలు, గంగాళాలు, క్యారేజీలు, పెళ్లి సారెలోకి వెళ్లే పళ్లేలు. మా వైపు స్టీలు గిన్నె కొంటే దాని మీద పేరు చెక్కించుకోకుండా ఎవరూ ఇంటికి తీసుకెళ్లరు. పెళ్లికో పేరంటానికో గిన్నెలు ఇరుగుపొరుగు ఇళ్లకి వెళ్తాయి, పేరు లేకపోతే తిరిగి రావు. అందుకని ప్రతి కొట్లోనూ కలంలాంటి ఒక కరెంటు మిషను ఉంటుంది. అది పట్టుకుని ఎవడో పనివాడు పేరు గిలికేస్తాడు. మా బావగారు మాత్రం పనివాళ్లకి ఇచ్చేవారు కాదు. కళ్లజోడు ముక్కు మీదకి లాక్కుని, గిన్నె ఒళ్లో పెట్టుకుని, తనే చెక్కేవారు. ఆ అక్షరాలు చూడాలి. తలకట్టు తలకట్టులా, కొమ్ము కొమ్ములా, ఎక్కడా చెయ్యి వణికినట్టుండదు. పేరు అయ్యాక అడుగున ఒక చిన్న పువ్వు. దానికి పైసా తీసుకునేవారు కాదు. "పేరుంటే గిన్నె ఎక్కడికెళ్లినా ఇంటికొచ్చేస్తుందమ్మాయ్," అనేవారు.

తొంభైల మొదట్లో సంగతి. నేను బీఎస్సీ అయి, ఉద్యోగం దొరక్క, మా అక్క దగ్గరే ఉంటున్నాను. భీమవరంలో రొయ్యల చెరువుల డబ్బు బాగా తిరుగుతున్న రోజులు. ఎవరింట్లో చూసినా కలర్ టీవీ దిగుతోంది. అదిగో, అప్పుడు వచ్చాడు బెజవాడ నుంచి ఒక ఏరియా మేనేజరు. మే నెలలో మెడకి టై కట్టుకుని, చెమట తుడుచుకుంటూ, బొంబాయి కంపెనీ ఒకటి ఇంట్లో పెట్టుకునే కంప్యూటర్ చేసిందనీ, ఊరికొక డీలరు కావాలనీ చెప్పాడు. ఊళ్లో టీవీల కొట్లవాళ్లు ఎవరూ ఒప్పుకోలేదట. మా బావగారు ఒప్పుకున్నారు.

ఎందుకు ఒప్పుకున్నారంటే, మేనేజరు ఆ కంప్యూటర్‌ని మా ఇంటి టీవీకి తగిలించి చూపించాడు. చూడ్డానికి పీటంత ఉంటుంది, పైన మీటలు, అడుగున ఇనపరేకు. టీవీ తెర నీలంగా అయింది. మేనేజరు ఏవో మీటలు నొక్కాడు. మా అక్క పేరు తెలుగులో, తెర నిండా, తెల్లగా వచ్చింది. మా అక్క చేతిలో జల్లెడ వదిలేసింది. మా బావగారు లేచి టీవీ దగ్గరకెళ్లి, వేలు పెట్టి ఆ అక్షరాల మీద రాసినట్టు తిప్పారు. "ఇది కూడా పేర్లు రాస్తుందమ్మాయ్!" అన్నారు. బేరం అక్కడే కుదిరిపోయింది.

నిజం చెప్పాలంటే వస్తువు మంచిదే. ఈ మాట నేను ఎక్కడైనా చెప్తాను. దానికి ఏసీ గది అక్కర్లేదు, చెప్పులు బయట విడవక్కర్లేదు. పిల్లలకి లెక్కలు చెప్పేది, ప్రశ్నలు వేసి తప్పయితే కీచుమనేది. తెలుగు రాసేది. చెరువు ఎంతుంటే మేత ఎంతెయ్యాలో లెక్క కట్టే ప్రోగ్రాము క్యాసెట్టు వస్తుందన్నారు, కొట్టు లెక్కల క్యాసెట్టు వస్తుందన్నారు. అవొచ్చి ఉంటే పశ్చిమ గోదావరిలో ఇంటికొకటి ఉండేది. రాలేదు. ఎప్పుడడిగినా వచ్చే నెలే.

ఇక దాన్ని అమ్మడానికి ఆ బొంబాయి మహానుభావులు చేసిన ఏర్పాట్లు చెప్పాలి. మొదటిది, సరుకు సరిగ్గా ఆషాఢం మొదలైన రోజున దింపారు. శూన్యమాసంలో కొత్త వస్తువు గుమ్మం తొక్కనివ్వరయ్యా అని మా బావగారు ఫోన్లో మొత్తుకుంటే, "స్కీము ఈ నెలకేనండి," అన్నారు. రెండోది, ఒక పెద్ద పోస్టరు పంపారు. అందులో ఒక తెల్లదొర, దొరసాని, ఉన్ని స్వెట్టర్లు వేసుకుని, కిటికీ బయట మంచు పడుతుంటే కంప్యూటర్ ముందు కూర్చుని పళ్లికిలిస్తుంటారు. దాన్ని మా బావగారు గంగాళాల వెనక గోడకి అంటించారు. కొట్టుకొచ్చిన ఒక పెద్దావిడ దాన్ని చూసి, "అది చలిప్రదేశాల్లో వాడేదండీ? మనకి పనికిరాదు కదండీ," అంది. పాంప్లెట్లు అన్నీ ఇంగ్లీషులో, కొన్ని హిందీలో. తెలుగు రాసే మిషను గురించి తెలుగులో ఒక్క ముక్క రాయించలేకపోయారు.

మూడోది అన్నిటికంటే ఘోరం. అది టీవీకి తగిలిస్తే గానీ పనిచెయ్యదు. ఇంట్లో ఉండేది ఒక్కటే టీవీ. సాయంత్రం ఆడవాళ్ల సీరియల్, ఆ తర్వాత వార్తలు, సెలవురోజు క్రికెట్. మిగిలిన టైములో కరెంటు ఉండదు. బొంబాయిలో కూర్చుని పాంప్లెట్ల నిండా ఇల్లు ఇల్లని రాసుకున్నవాళ్లకి, ఒక ఇంట్లో టీవీ ఎవరి చేతిలో ఉంటుందో తెలీదు.

అయినా మా బావగారు అమ్మారు. శ్రావణం వచ్చాక మొదలుపెట్టి, ఓ పాతిక దాకా అమ్మారు. చూపించే పని నాది. కొట్లో బిందెల మధ్య ఒక స్టూలు మీద టీవీ పెట్టి, వచ్చినవాళ్ల పేరు అడిగి తెర మీద వేసేదాన్ని. వాళ్లు నోరు తెరిచి చూస్తుంటే, వాళ్ల కంటే ఎక్కువగా మా బావగారు మురిసిపోయేవారు. కొన్నాక డబ్బా విప్పించి, కంప్యూటర్‌ని తిరగేసి ఒళ్లో పెట్టుకుని, అడుగు రేకు మీద కొన్నవాళ్ల పేరు చెక్కేవారు. కింద పువ్వు. ఎవరూ అడగలేదు, ఎవరూ వద్దనలేదు. స్టీలు కొట్లో కొన్న వస్తువు మీద పేరుండాలి, అంతే. "అమ్మేస్తే బేరం అయిపోదమ్మాయ్. ఆ వస్తువు వాళ్లింట్లో పాతబడాలి, అప్పుడయినట్టు," అనేవారు.

పాతబడేదాకా ఉండలేదు అవి. దసరాలకి ముందే మొదటిది తిరిగొచ్చింది. ఒక ట్యూషన్ మాస్టారిది. దానికి కరెంటిచ్చే చిన్న డబ్బా ఒకటి ఉండేది, అది మాడిపోయింది. ఊళ్లో టీవీ మెకానిక్కు విప్పి చూసి, ఈ ముక్క బయట దొరకదు, కంపెనీ దగ్గరే ఉండాలన్నాడు. ఎన్ని ఫోన్లు చేసినా మనిషి రాలేదు. చివరికి మా బావగారే దాన్ని దుప్పట్లో చుట్టి, ఇంగ్లీషులో మాట్లాడాల్సి వస్తుందని నన్ను వెంటబెట్టుకుని, బెజవాడ బస్సెక్కారు. దారి పొడుగునా దాన్ని ఒళ్లోంచి దించలేదు.

ఆఫీసులో ఆ మేనేజరే ఉన్నాడు. ఫ్యాను కింద టై ఎగురుతోంది. దుప్పటి విప్పి, కంప్యూటర్‌ని అటూ ఇటూ తిప్పి, తిరగేసి, ఆగిపోయాడు.

"ఏంటండీ ఇది?"

"పేరండి. మాస్టారి భార్యగారి పేరు."

"ఎవరు చెక్కమన్నారండీ?"

"ఎవరూ అన్లేదండి. మేం ఊరికే చెక్కుతామండి," అన్నారు మా బావగారు, అదేదో గొప్ప చెప్పుకున్నట్టు కాకుండా, మొహమాటంగా నవ్వుతూ.

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. "అయ్యో, ఎంత పని చేశారండీ. చెక్కే మిషను అదురుకి లోపల పార్టులు దెబ్బతిన్నాయి. పైగా రేకు మీద గీత పడితే గ్యారంటీ పోయినట్టే, కంపెనీ రూలు. ఇంకెన్నిటికి చెక్కారు?"

మా బావగారు రేకు మీది పువ్వుని బొటనవేలితో రుద్దారు.

"ఆ రూలు ఎక్కడుందో చూపించండి," అన్నాను నేను. "సర్క్యులర్ వచ్చిందండి బొంబాయి నుంచి, ఫైల్లో ఉంటుంది," అన్నాడు. "ఫైలు తియ్యండి," అన్నాను. బావగారు నా మోచెయ్యి పట్టుకుని, "వద్దమ్మాయ్, పద," అన్నారు. దుప్పటి మళ్లీ ఆయనే చుట్టారు.

తిరుగు బస్సు గుడివాడ దాటింది, కైకలూరు దాటింది, దుప్పటి మూట ఆయన ఒళ్లోనే ఉంది. ఆకివీడు దగ్గర బస్సు ఆగితే, కిటికీలోంచి చెరువుల కేసి చూస్తూ, "అన్నిటికీ చెక్కాను కదమ్మాయ్," అన్నారు.

అది సాకు బావగారూ, మాడిపోయింది బయట డబ్బా అయితే అడుగు రేకు మీద గీతకేం సంబంధం, అని నేను బస్సులో చెప్పాను, ఇంటికెళ్లాక చెప్పాను, ఆ తర్వాత ఏళ్ల తరబడి చెప్పాను. ఆయన వినేవారు, తలూపేవారు, నమ్మేవారు కాదు. అంత పెద్ద కంపెనీ, అంత చదువుకున్నవాళ్లు, ఒక పేరు గురించి అబద్ధం ఎందుకు చెప్తారు? ఆయన బుర్రకి అది ఎక్కలేదు. తన చెయ్యి తప్పు చేసిందన్నది మాత్రం ఇట్టే ఎక్కింది.

మర్నాటి నుంచి ఆయన చేసిన పని ఏ వ్యాపారస్తుడూ చెయ్యడు. కొన్న ప్రతి ఇంటికీ వెళ్లి, గుమ్మంలో నిలబడి, "తప్పు నాదేనండి, పేరు చెక్కాను, దాంతో గ్యారంటీ పోయింది. మీకు నష్టం లేకుండా కొట్లోంచి స్టీలు సామాను తీసుకెళ్లండి," అని చెప్పుకున్నారు. భీమవరం మర్యాద గురించి జనం గొప్పగా చెప్తారు. ఆ మర్యాద నేను ఆ నెలలో చూశాను. మిషను బాగానే పనిచేస్తున్నవాళ్లు కూడా వచ్చి గంగాళాలు మోసుకుపోయారు. రొయ్యల చెరువులాయన ఒకడు, ఇంటికి తీసుకెళ్లాక ఒక్కసారీ టీవీకి తగిలించకుండా అటక మీద పెట్టుకున్నవాడు, కారేసుకొచ్చి, కొట్లో అన్నిటికన్నా పెద్ద గుండిగ ఎత్తించాడు. మా బావగారు అలవాటు కొద్దీ చెక్కే మిషను చేతిలోకి తీసుకుంటే, "బాబోయ్, వద్దండీ! మీరు పేరు చెక్కితే గ్యారంటీ పోద్ది!" అన్నాడు. కొట్లో ఉన్నవాళ్లందరూ గొల్లుమన్నారు.

అంతే, ఆ మాట ఊరు పట్టేసింది. మా జిల్లాల్లో ఒక మాట దొరికితే దాన్ని అరిగిపోయేదాకా వాడతారు. సంతలో, బస్టాండులో, సినిమా హాలు దగ్గర, కంప్యూటర్ అంటే ఏంటో తెలీనివాడు కూడా, పేరు చెక్కితే గ్యారంటీ పోద్దనేవాడు. ఆయనకి కంప్యూటర్ గారని పేరు పెట్టారు, ఆ గారు ఒకటి అదనం. మా చుట్టాల పెళ్లిలో ఒక పెద్దమనిషి వెండిగ్లాసు చదివిస్తూ, మా బావగారి కేసి తిరిగి, "పేరు చెక్కించలేదండోయ్, పెళ్లికైనా గ్యారంటీ ఉండాలి కదా," అని అరిచాడు. పందిరంతా నవ్వింది. మా బావగారు కూడా నవ్వారు. పక్కనే ఉన్న మా అక్క తల వంచుకుని విస్తరిలో అన్నం కెలుకుతూ కూర్చుంది. నేను ఆ పెద్దమనిషికి ఏం సమాధానం చెప్పానో ఇక్కడ రాయడం బాగోదు గానీ, ఆ తర్వాత వాళ్లు మా ఇళ్లకి శుభలేఖలు పంపలేదు.

ఆ దసరా తర్వాత ఆయన పేర్లు చెక్కడం మానేశారు. చెక్కే మిషన్ని మా అక్క పాత చీర ముక్కలో చుట్టి, గల్లాపెట్టె కింది అరలో పెట్టేశారు. పేరు చెక్కని స్టీలు కొట్టుకి మా ఊళ్లో ఎవరొస్తారు? జనం ఎదురు కొట్టుకి వెళ్లడం మొదలుపెట్టారు. అక్కడ పనివాడు గిలికే పేర్లలో సున్నాలు సున్నాల్లా ఉండేవి కావు, అయినా పేరు పేరే. నేను ఎంత పోరినా, "మన చెయ్యి మంచిది కాదులే అమ్మాయ్," అనేవారు. ఈ ఒక్క మాట వింటే మాత్రం నాకు ఏడుపొచ్చేది.

కానీ చెయ్యి ఊరుకోదుగా. ఎవరైనా కొట్లోకొచ్చి పేరు చెప్తే, ఆయన చూపుడువేలు బల్ల మీద కదిలేది. తలకట్టు, కొమ్ము, చివర పువ్వు. వాళ్లు వెళ్లిపోయాక కూడా కదిలేది. ఇంట్లో అన్నం ముందు కూర్చుని నీళ్ల తడి మీద రాసేవారు. మా అక్క చూసి చూడనట్టు గుడ్డతో తుడిచేసేది.

కొన్నేళ్లకి ఆ కంపెనీ మూసేశారు. నాకు పెళ్లయింది, ఉద్యోగం వచ్చింది. భీమవరం నిండా ఇంజనీరింగ్ కాలేజీలు వెలిశాయి, వీధికో ఇంటర్నెట్ సెంటర్. నేను వెళ్లినప్పుడల్లా బావగారు ఆ బోర్డులు చూపించి, "మనం ముందే తెచ్చాం కదమ్మాయ్," అనేవారు. కాసేపాగి, "నేనే పాడు చేశాను," అనేవారు. ఏ ఇంటర్నెట్ సెంటర్‌లోకీ ఆయన కాలు పెట్టలేదు. ముట్టుకుంటే ఏమవుతుందోనని భయం.

ఆయన పెద్దకర్మకి వచ్చినవాళ్లకి ఇవ్వడానికి మా అక్క స్టీలు డబ్బాలు తీయించింది. జ్ఞాపకార్థం అని రాసి పోయినవాళ్ల పేరు చెక్కించి ఇవ్వడం మాకు ఆనవాయితీ. "ఎదురు కొట్లో చెక్కించొద్దే. నువ్వు చెక్కు," అంది. చీర ముక్క విప్పాను. మిషను తుప్పు పట్టలేదు, ఆయన నూనె వేస్తూనే ఉన్నారు. రెండు రోజులు కూర్చుని చెక్కాను. ఆయన అక్షరాలు నాకు రావు. పువ్వు మాత్రం వచ్చింది.

ఆ రోజు భోజనాల దగ్గర ఒకాయన నన్ను చూసి, "గుర్తుపట్టారాండీ?" అన్నాడు. పొట్ట వచ్చింది, జుట్టు పోయింది, టై లేదు. మేనేజరు. కంపెనీ మూసేసినప్పట్నుంచీ భీమవరంలోనే రొయ్యల మేత అమ్ముతున్నాడట, సంగతి తెలిసి వచ్చాడట. శుభ్రంగా తిన్నాడు, పెరుగు రెండోసారి అడిగి వేయించుకున్నాడు. చెయ్యి కడుక్కుని, కిళ్లీ నోట్లో పెట్టుకుని, పాత సంగతులు తలుచుకోవడం మొదలుపెట్టాడు.

"మంచి మనిషండీ మీ బావగారు. అలాంటి డీలరు మాకు ఎక్కడా లేడు. ఆ రోజుల్లో మాకు స్పేరు పార్టులెక్కడివండీ? ఒక్కటీ పంపేవారు కాదు. డీలర్లొచ్చి మీద పడిపోతుంటే ఏదోటి చెప్పి పంపించేవాళ్లం. నర్సాపురం ఆయనకి ఉప్పుగాలి అన్నాం, ఇంకొకాయనకి ఓల్టేజీ అన్నాం." నవ్వాడు. "మీ బావగారు మాకా శ్రమ కూడా ఇవ్వలేదండీ. సాకు ఆయనే చెక్కి పట్టుకొచ్చారు!"

డబ్బాల బుట్ట పట్టుకుని మా అక్క నా వెనకే నిలబడి ఉంది.

"మరి తర్వాతైనా ఆయనకి చెప్పారా?" అని అడిగాను.

"ఏం చెప్తామండీ? ఆయన మళ్లీ అడగలేదు కదా," అన్నాడు.

ఒకే ఊళ్లో ఉన్నారు ఇద్దరూ, ఇన్నేళ్లూ. మేనేజరు కారు మా కొట్టు ముందునుంచే రోజూ వెళ్తుందట. ఆగి, దిగి, ఒక్క మాట చెప్తే సరిపోయేది. మా అక్క ముందుకొచ్చింది. బుట్టలోంచి ఒక డబ్బా తీసి రెండు చేతులతో ఆయనకి ఇచ్చింది. ఆయన కళ్లకద్దుకుని, మూత మీది అక్షరాలు బొటనవేలితో తడిమాడు. "అబ్బో, చేత్తో చెక్కించారాండీ? ఈ రోజుల్లో ఎవరు చెక్కుతున్నారండీ ఇంత బాగా," అన్నాడు.

"అవునండి, చేత్తోనే," అన్నాను. "అందుకని జాగ్రత్తండీ. పేరు చెక్కిన వస్తువుకి గ్యారంటీ ఉండదు."

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. కిళ్లీ నమలడం కూడా ఆగింది. మా అక్క మొహం చూశాడు, డబ్బా చూశాడు. అది కింద పెట్టలేడు, తిరిగి ఇవ్వలేడు. కర్మ డబ్బా వద్దనకూడదు. అలాగే పట్టుకుని గుమ్మం దిగి, చెప్పులు వెతుక్కుని, కారెక్కి, దాన్ని ముందు అద్దం కింద పెట్టాడు. మిట్టమధ్యాహ్నం ఎండ సరిగ్గా దాని మీద పడుతోంది. కారు కదిలింది. మా అక్కా నేనూ గేటు దగ్గరే నిలబడ్డాం. కారు వీధి మలుపు తిరిగేదాకా ఆ డబ్బా మెరుస్తూనే ఉంది, కళ్లల్లో పొడుస్తూ, పేరు చదవడానికి వీల్లేనంతగా.